ఎవరు ఎవరిని కాపాడుతున్నారు?

చైనా సంప్రదాయ నాటకం గురించి ఎక్కడ ఏం చదివినా రెండు రకాల మాటలే ఎదురవుతాయి. ఇంత గొప్ప కళ అంతరించిపోతోంది, పాత బాణీ, పాత అడుగు చెక్కుచెదరకుండా దాచుకోవాలని ఒకరంటారు. నేటి ప్రేక్షకుడికి ఓపిక లేదు, నిడివి తగ్గించాలి, లైట్లు పెంచాలి, పక్కన తెరమీద మాటలు వేయాలని ఇంకొకరంటారు. ఇద్దరూ ఒకరినొకరు బాగానే తిట్టుకుంటారు. కానీ ఇద్దరూ అడగని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఈ కళని ఇన్నాళ్ళూ ఎవరి శరీరాలు మోశాయి? ఎవరి టికెట్టు డబ్బులు బతికించాయి? ఏది ఉంచాలో ఏది మార్చాలో తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉంది? ‘నేటి ప్రేక్షకుడు’ అనే మాటలోని పుంలింగం దగ్గరే నా పేచీ మొదలవుతుంది. ఆ హాళ్ళలో కూర్చున్నది చాలాసార్లు ప్రేక్షకురాలు.

ఒపేరా అన్నది బయటివాళ్ళు తగిలించిన పేరు. చైనీయులు ‘షీచ్యూ’ అంటారు. పాట, మాట, అభినయం, యుద్ధవిన్యాసం కలగలిసిన రంగస్థలం అది. 2015-17 మధ్య చైనా ప్రభుత్వం జరిపిన గణనలో 348 ప్రాంతీయ రూపాలు లెక్కతేలాయి. యునెస్కో 2001లో కున్‌చ్యూని, మన కేరళ కూడియాట్టంతో పాటే, మొదటి విడత మానవాళి వారసత్వ కళల్లో చేర్చింది. 2009లో కాంటనీస్ ఒపేరా, 2010లో పీకింగ్ ఒపేరా ఆ జాబితాల్లోకి వచ్చాయి. జాబితాలు అవసరమే, కాదనను. అయితే జాబితాలో ఎక్కేది కళ పేరు. ఆ కళ లోపల ఎవరిని గెంటేశారు, ఎవరు పోట్లాడి లోపలికి వచ్చారు అన్న సంగతి జాబితాలో ఉండదు. అది మనం వెతుక్కోవాలి.

మొదట సంప్రదాయం సంగతి. 18వ శతాబ్దంలో చింగ్ పాలకులు బీజింగ్‌లో ఆడవాళ్ళు వేదిక ఎక్కడాన్ని నిషేధించారు. నాటకశాలల్లో ప్రేక్షకులుగా కూర్చోవడానికీ వీల్లేదన్నారు. ఆ ఖాళీలోనే స్త్రీ పాత్రలు వేసే మగ నటుల ‘దాన్’ కళ పెరిగి పెద్దదైంది. మెయ్ లాన్‌ఫాంగ్ (1894-1961) దాన్ని శిఖరానికి తీసుకెళ్ళాడు. 1935లో మాస్కోలో ఆయన అభినయం చూసిన బ్రెహ్ట్, తన నాటక సిద్ధాంతానికి అందులో ఆధారం వెతుక్కున్నాడు. మెయ్ ప్రతిభ మీద నాకే తగాదా లేదు. ఆయన ఎంతోమంది ఆడవాళ్ళకి విద్య నేర్పాడు కూడా. ఆ ప్రతిభ చుట్టూ అల్లిన సిద్ధాంతంతోనే నా తగాదా. ఆడతనపు సారాన్ని ఆడదానికంటే మగవాడే బాగా పట్టుకోగలడట. ఆమెకది స్వభావం కాబట్టి ఆమె చేస్తే కళ కాదట. ముందు ఆమెని గుమ్మం బయట నిలబెట్టి, తర్వాత ఆమె లేకపోవడమే సౌందర్యమని సూత్రీకరించడం! కూచిపూడిలో సత్యభామ వేషం మగవాళ్ళు కట్టడమే సంప్రదాయమని విని పెరిగినవాళ్ళం మనం. కలావంతుల ఆటని మాత్రం ఎలా వెలివేశారో, 1947 మద్రాసు చట్టం దాకా వచ్చిన చర్చలో వాళ్ళ గొంతు ఎంత వినిపించిందో చదువుకున్నవాళ్ళం. ఈ సూత్రం అర్థం కావడానికి మనకి చైనీస్ రానక్కర్లేదు.

కాపాడటం అనే మాట ఎంత అమాయకంగా కనిపిస్తుందో చెప్పడానికి ఇంకో ఉదాహరణ. స్త్రీ పాత్ర వేసే నటుడు పాదాన్ని దాదాపు నిటారుగా నిలిపి, చిన్న చెక్కపాదానికి బిగించి కట్టుకుని, కట్టుపాదాల ఆడమనిషిలా నడిచే విద్య ఒకటుండేది. ‘చ్యావ్’ అంటారు. దీని ప్రాచుర్యాన్ని 18వ శతాబ్దపు నటుడు వెయ్ చాంగ్‌షెంగ్ పేరుతో ముడిపెడతారు. 20వ శతాబ్దం మొదట్లోనే వాంగ్ యావోచింగ్ అనే గొప్ప దాన్ నటుడు దాన్ని వదిలేశాడు. 1950లలో నాటక సంస్కరణ దాన్ని వేదిక దించేసింది. ఈమధ్య దశాబ్దాల్లో అది ‘అంతరించిపోతున్న అపురూప విద్య’ పేరుతో తిరిగి వస్తోంది. ఆ చెక్కపాదాల మీద గంటలకొద్దీ నిలబడి సాధన చేసేది ఇప్పుడు ఎక్కువగా అమ్మాయిలే. విద్యగా అది కష్టమైనదే, చూస్తే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కానీ కష్టమైన ప్రతిదీ కాపాడదగ్గదేనా? కొన్ని వందల ఏళ్ళు నిజమైన ఆడపిల్లల కాలి ఎముకలు విరిచిన ఒక ఆచారానికి అది అనుకరణ. దాన్ని చిత్రీకరించి దాచండి, దాని చరిత్ర బోధించండి, పెద్దయిన నటి తెలిసి ఎంచుకుంటే వేయనివ్వండి. పసిపిల్లల పాదాలకి సంప్రదాయం పేరుతో మళ్ళీ కట్టకండి.

ఇక యుయే ఒపేరా దగ్గరికి వద్దాం. నా వాదనకి ఆయువుపట్టు ఇక్కడే ఉంది. జెజియాంగ్ రాష్ట్రంలో షెంగ్‌షియాన్ (ఇప్పటి షెంగ్‌జౌ) పల్లెల్లో, పాటలు పాడే రైతు మగవాళ్ళు 1906లో వడ్లు నూర్చే తొట్ల మీద బల్లలు పరిచి ఆడిన ఆటతో ఇది పుట్టింది. 1923లో అక్కడే మొట్టమొదటి ఆడపిల్లల బృందానికి శిక్షణ మొదలైంది. వచ్చినవాళ్ళు పేదిళ్ళ పిల్లలు. 1930ల చివరికల్లా షాంఘైలో మగ బృందాలు కనుమరుగై, అన్ని పాత్రలూ ఆడవాళ్ళే వేసే రంగస్థలం నిలబడింది. హాళ్ళు నింపింది కూడా ఎక్కువగా ఆడవాళ్ళే. మిల్లుల్లో పనిచేసేవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, గృహిణులు, డబ్బున్న ఇళ్ళ చిన్నభార్యలు. చరిత్రకారిణి జియాంగ్ జిన్ 2009లో వచ్చిన తన పుస్తకంలో ఈ నటీమణుల్నీ, ఈ ప్రేక్షకురాళ్ళనీ షాంఘై సామాజిక చరిత్ర మధ్యలోకి తీసుకొచ్చి నిలబెట్టింది. అంతకుముందు పండితుల దృష్టిలో ఇది ఆడవాళ్ళ ఏడుపుగొట్టు కాలక్షేపం.

యువాన్ షుయెఫెన్ 1933లో, 11 ఏళ్ళ వయసులో బృందంలో చేరింది. 1942లో, ఇరవై ఏళ్ళకి, షాంఘైలో యుయే ఒపేరాని సంస్కరించడం మొదలుపెట్టింది. అప్పటిదాకా రాసిన నాటకప్రతి ఉండేది తక్కువ. కథ చెబితే వేదిక మీద మాటలు అల్లుకునేవారు. ఆమె తన జీతంలో పెద్ద భాగం ఖర్చుపెట్టి రచయితల్నీ దర్శకుల్నీ పెట్టుకుంది. రాతప్రతి, రిహార్సల్, కొత్త లైటింగ్, కొత్త ఆహార్యం వచ్చాయి. నేటి ‘ఆధునికీకరణ’ వాదులకి ఇంతవరకే కనిపిస్తుంది. ఆమె ఇంకో పని కూడా చేసింది. డబ్బున్నవాళ్ళ ఇళ్ళకెళ్ళి విందుల్లో పాడనంది. ధర్మతండ్రి, ధర్మతల్లి అంటూ పెద్దింటివాళ్ళతో చుట్టరికాలు కలుపుకోనంది. నటి అంటే కొనుక్కోగలిగిన మనిషి అని నమ్మే ఊళ్ళో అలా అనడం ఎంత తెగువో మనకి వేరే చెప్పాలా? నా దృష్టిలో లైట్లు మార్చడం కంటే ఇదే పెద్ద సంస్కరణ.

1943లో ‘షియాంగ్ ఫెయ్’ అనే నాటకంలో దుఃఖం పాడాల్సి వచ్చినప్పుడు పాత బాణీ సరిపోలేదు. ఆమె, వాద్యకారుడు జౌ బావోత్సాయ్ కలిసి కొత్త బాణీ కట్టారు. ‘చిదియావ్’ అనే ఆ బాణీయే యుయే ఒపేరాకి ఇవాళ్టి ప్రధాన స్వరం. యుయే ఒపేరా అసలు గొంతు చెడిపోకూడదని వాదించేవాళ్ళు కాపాడమంటున్నది 21 ఏళ్ళ నటి తన అవసరానికి, తోటి కళాకారుడితో కలిసి చేసుకున్న కొత్త పనిని! సంప్రదాయం, ఆధునికత అని రెండు గదులు కట్టి కూర్చున్నవాళ్ళు ఈ బాణీని ఏ గదిలో పెడతారు?

1946లో ఆమె లూసున్ 1924 నాటి కథ ఆధారంగా ‘షియాంగ్‌లిన్ వదిన’ వేసింది. భర్త పోయాక అత్త అమ్మేసిన ఆడమనిషి. రెండో భర్తా పోతాడు, కొడుకుని తోడేలు ఎత్తుకుపోతుంది. చివరికి పండగ పళ్ళేలు ముట్టుకోవడానికి కూడా పనికిరానిదని ఇంటివాళ్ళు అంటారు. ఈ కథ మనకెంత దగ్గరదో చెప్పనక్కర్లేదు. లూసున్ భార్య షూ గ్వాంగ్‌పింగ్ రిహార్సల్‌కి వచ్చి చూసింది. ఆ ఆగస్టులోనే, రిక్షాలో వెళుతున్న యువాన్ మీద ఒకడు మలం విసిరాడు. అందాల రాకుమార్తెలుగా ఏడ్చినన్నాళ్ళూ ముద్దుచేసిన నగరం, బతికున్న పేద ఆడదాని కథ వేయగానే ఇచ్చిన బహుమతి అది.

1947 ఆగస్టులో పదిమంది అగ్రనటీమణులు, వేరువేరు బృందాలవాళ్ళు, పోటీలు పక్కనపెట్టి కలిసి ‘షాన్ హె ల్యాన్’ నాటకం వేశారు. వచ్చిన డబ్బుతో సొంత థియేటరు, సొంత శిక్షణాలయం కట్టుకోవాలని వాళ్ళ ఆశ. హాలు యజమాని కాంట్రాక్టు కింద నలగడం తప్పుతుందని. యుయే పదిమంది అక్కచెల్లెళ్ళు అని చరిత్ర వాళ్ళని పిలుస్తుంది. ఆ థియేటరు రాలేదు. పదిమందిలో ఒకరైన షియావ్ దాన్‌గుయ్ ఆ అక్టోబరులోనే ఆత్మహత్య చేసుకుంది. ఒక మగవాడి కట్టడి, అపనిందలు, ఆమెని అక్కడికి తోశాయి. చైనా ఒపేరా ఎందుకు క్షీణించిందని చర్చించేటప్పుడు సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, కుర్రకారు మారింది అంటారు. ఈ చావుల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

తర్వాత రాజ్యం రక్షకుడిగా వచ్చింది. న్యాయంగా చెప్పాలంటే కొత్త ప్రభుత్వం నటీమణులకి జీతం ఇచ్చింది, గౌరవం ఇచ్చింది, బడి ఇచ్చింది. 1954లో వచ్చిన ‘ల్యాంగ్ షాన్‌బో, జూ యింగ్‌తాయ్’ రంగుల చిత్రంలో యువాన్, ఫాన్ రుయ్‌జ్వాన్ నటించారు. చదువుకోవడం కోసం మగవేషం వేసుకున్న అమ్మాయి కథ. ఒక నటి మగవాడిగా, ఇంకో నటి మగవేషం వేసుకున్న ఆడపిల్లగా. సబ్‌టైటిల్స్‌తో చూస్తున్నా ఆ చూపుల్లోని ఆట నాకు తెలిసింది. చౌ ఎన్‌లై ఆ సినిమాని 1954 జెనీవా సమావేశానికి తీసుకెళ్ళి ‘చైనా రోమియో జూలియట్’ అని విదేశీయులకి పరిచయం చేశాడు. కానీ ఆ దశాబ్దంలోనే యుయే ఒపేరాలోకి మగ నటుల్ని తేవాలని అధికారికంగా శిక్షణ మొదలైంది. ఆడవాళ్ళు మగపాత్రలు వేస్తే ఆధునిక జీవితాన్ని వాస్తవికంగా చూపలేరట. మగవాడు ఆడవేషం వేస్తే బ్రెహ్ట్ స్థాయి కళ. ఆడది మగవేషం వేస్తే సరిదిద్దాల్సిన లోపం. ప్రేక్షకురాళ్ళు మాత్రం తమ నటీమణుల్ని వదల్లేదు.

సాంస్కృతిక విప్లవం వచ్చేసరికి రక్షకుడు భక్షకుడయ్యాడు. మెయ్ శిష్యురాలు యాన్ హుయ్‌జూ 1966లో ఉరేసుకుంది. పదిమంది అక్కచెల్లెళ్ళలో ఇంకొకరు, జూ ష్వెయ్‌జావ్, 1968లో ప్రాణం తీసుకుంది. హ్వాంగ్‌మెయ్ ఒపేరాకి దేశమంతా పేరు తెచ్చిన యాన్ ఫెంగ్‌యింగ్ 1968లో నిద్రమాత్రలు మింగితే, గూఢచారి కాబట్టి ఒంట్లో ట్రాన్స్‌మీటర్ ఉంటుందని చెప్పి చనిపోయాక ఆమె శరీరాన్ని కోసి వెతికారు. ఇవి చదివాక నాకు ‘రాజ్యం కళని కాపాడాలి’ అన్న మాట తేలిగ్గా నోటికి రాదు. నిధులు ఇవ్వాలి, హాళ్ళు ఇవ్వాలి, పింఛన్లు ఇవ్వాలి. ఏది ఆడాలో చెప్పకూడదు.

ఇప్పుడు మార్కెట్ వంతు. 2023లో హాంగ్‌జౌలో చిన్న హాల్లో ‘న్యూ డ్రాగన్ గేట్ ఇన్’ మొదలైంది. 1992 నాటి కత్తియుద్ధాల సినిమా ఆధారం. వెనకనున్నది మగపాత్రలకి పేరుపొందిన యుయే నటి మావో వెయ్‌తావ్. ప్రేక్షకులు సత్రంలో అతిథుల్లా మధ్యలోనే కూర్చుంటారు. ఆ వేసవిలో చెన్ లీజ్యున్ అనే నటి, జియా తింగ్ అనే మగపాత్రలో, తోటినటి లీ యున్‌షియావ్‌ని ఎత్తుకుని గిరగిరా తిప్పే చిన్న వీడియో దేశమంతా పాకింది. యుయే ఒపేరా ఎన్నడూ చూడని అమ్మాయిలు టికెట్ల కోసం ఎగబడ్డారు. వెంటనే పెద్దమనుషుల గొణుగుడూ మొదలైంది. వీళ్ళు కళ కోసం రాలేదు, మొహం కోసం వచ్చారు. ఆడదాన్ని చూసి ‘మా ఆయన’ అని మురిసిపోయే పిచ్చిపిల్లలు. రేపు మర్చిపోతారు.

ఈ వెక్కిరింత నాకు బాగా తెలుసు. 1940ల షాంఘైలో మిల్లు పిల్లల్ని ఇలాగే వెక్కిరించారు. మగ పండితులు మగ దాన్ నటుల అందం మీద పద్యాలు రాసి, తమ ఆరాధ్యుల కోసం పక్షాలు కట్టి కొట్టుకుంటే దాన్ని రసికత అన్నారు. అదే పని ఆడపిల్లలు చేస్తే పిచ్చి. ఒక ఆడపిల్ల, తనని భయపెట్టని, తన మీద చెయ్యెత్తని, తన మాట వినే మగవాడిని ఊహించుకోవాలనుకుంటే, ఆ మగవాడిని ఇంకో ఆడదే వేదిక మీద తయారుచేసి చూపిస్తే, అందులో తేలిక చేయాల్సిందేముంది? తన చుట్టూ ఉన్న మగవాళ్ళ మీద అదొక విమర్శ. వేరే కోరికలు కూడా అందులో ఉండొచ్చు. ఉంటే అవీ ఆమెవే.

అంతమాత్రాన మార్కెట్‌ని నమ్మమని నేననను. ఒక నటి మొహాన్ని పోస్టర్ల మీద అమ్మి, ఆమె వెనక వాద్యం వాయించేవాళ్ళనీ, చిన్న ఊళ్ళ బృందాలనీ ఎండగట్టడం మార్కెట్‌కి చేతనైన పనే. 1947లో ఆ పదిమంది అడిగింది పేరుప్రఖ్యాతులు కాదు, అవి వాళ్ళకి అప్పటికే ఉన్నాయి. థియేటరు మీద యాజమాన్యం అడిగారు. ఆ డిమాండు ఇప్పటికీ పాతబడలేదు.

ఇక స్త్రీవాద మిత్రులతో ఒక మాట. ఆడవాళ్ళని అణిచే పాత నాటకాల్ని ఎందుకు బతికించాలని కొందరు అడుగుతారు. వాంగ్ బావోచ్వాన్ కథ తీసుకోండి. మంత్రి కూతురు పేదవాణ్ణి పెళ్ళాడి తండ్రిని వదులుకుంటుంది. భర్త యుద్ధానికి వెళ్ళి ఇంకో రాకుమార్తెను పెళ్ళాడి రాజవుతాడు. ఈమె 18 ఏళ్ళు మట్టిగుహలో అడవి ఆకుకూరలు తవ్వుకు తింటూ ఎదురుచూస్తుంది. తిరిగొచ్చిన భర్త తనెవరో చెప్పకుండా, నీ మొగుడు నిన్ను నాకు అమ్మేశాడని సరసమాడి ఆమె శీలాన్ని పరీక్షిస్తాడు! దీన్ని ఆదర్శ సతి కథగా తరాలపాటు ఆడారు. నిషేధిద్దామా? నేనొద్దంటాను. 2022 ప్రాంతంలో చైనా అమ్మాయిలు ఆ కథతో ఏం చేశారో చూడండి. ప్రేమలో పడి అన్నీ వదులుకునే స్నేహితురాలిని ‘అడవి కూర తవ్వుకోవడానికి వెళుతున్నావా?’ అని అడగడం మొదలుపెట్టారు. ఆ నాటకం తెలిసి ఉండబట్టే ఆ ఎగతాళి పుట్టింది. ఇంకో సంగతి. ఆ పరీక్ష సన్నివేశంలో బావోచ్వాన్ ఆ పరాయి మగవాడి కళ్ళల్లో దుమ్ము కొట్టి పరుగెత్తుతుంది. ఆ గుప్పెడు దుమ్మును నటి ఎంత కోపంతో విసరాలి? దాన్ని తేల్చే హక్కు నటికి ఉంటే పాత నాటకం పాతగా మిగలదు.

చివరగా చదువరుల సంగతి, ఎందుకంటే మనం చదువరులం. టాంగ్ షియాన్‌జూ 1598లో ‘పియోనీ మంటపం’ రాశాడు. కలలో చూసిన ప్రియుడి కోసం చనిపోయి, తిరిగి బతికొచ్చే అమ్మాయి కథ. 2004లో రచయిత పై షియాన్‌యుంగ్ 55 రంగాల ఆ నాటకాన్ని 27 రంగాలుగా కూర్చి, మూడు రాత్రులు, తొమ్మిది గంటలపాటు యువ నటులతో ఆడించాడు. తైపే నుంచి చైనా విశ్వవిద్యాలయాల దాకా విద్యార్థులు విరగబడి చూశారు. నేటివాళ్ళకి ఓపిక లేదన్న వాదనకి అది చెంపపెట్టు. కున్‌చ్యూని బతికించినవాడని ఆయన్ని పొగుడుతారు, పొగడ్తకి అర్హుడే. కానీ ఆ నాటకాన్ని మొదట గుండెకి హత్తుకున్నది ఎవరు? 17వ శతాబ్దంలో వూ రెన్ అనే ఆయనకి నిశ్చయమైన వధువు చెన్ తోంగ్ పుస్తకం అంచుల్లో వ్యాఖ్యలు రాసుకుని, పెళ్ళికి ముందే చనిపోయింది. అతన్ని పెళ్ళాడిన తాన్ జె ఆ వ్యాఖ్యని కొనసాగించి, తనూ చనిపోయింది. మూడో భార్య చియెన్ యీ తన నగలు అమ్మి 1694లో దాన్ని అచ్చు వేయించింది. ఒకరినొకరు చూడని ముగ్గురు ఆడవాళ్ళు ఒక పుస్తకం అంచుల్లో కలుసుకున్నారు. ఇవి ఆడవాళ్ళు రాసినవేనా, మొగుడే రాసి వాళ్ళ పేర్లు పెట్టాడా అని అప్పుడే అనుమానించారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని కావ్యాన్ని అచ్చువేసినప్పుడు ఏం జరిగిందో తెలిసిన మనకి ఆ అనుమానం కొత్త కాదు. 2004 ప్రతిని కూర్చిన బృందంలో ఉన్న హువా వెయ్, చైనా స్త్రీల నాటక రచన మీద జీవితకాలం పనిచేసిన పరిశోధకురాలు. ఆమె పేరు ఎంతమందికి తెలుసు? 1825లో వూ జావ్ అనే కవయిత్రి ‘చ్యావో యింగ్’ అని ఏకాంకిక అచ్చువేసింది. మగవేషంలో గీయించుకున్న తన బొమ్మ ముందు కూర్చుని, తాగుతూ, ఆడపుట్టుకకి మండిపడే ఒక ఆడమనిషి స్వగతం. అది కూడా సంప్రదాయమే. కాపాడేవాళ్ళ జాబితాల్లో దానికి ఎంత చోటుంది?

అందుకే నేనడిగేవి మూడే. యువాన్ లాంటి నటీమణులు సృష్టించిన బాణీల్ని కాపాడేటప్పుడు వాటి మీద వాళ్ళ పేర్లు, వాళ్ళు పడ్డ దెబ్బలు కూడా రాయండి. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, ఏది మార్చాలి అని తేల్చే బల్ల దగ్గర వేషం కట్టే ఆడవాళ్ళని కూర్చోబెట్టండి. వరుసల్లో కూర్చున్న అమ్మాయిల్ని వెక్కిరించడం మానేసి, ఆ టికెట్టు డబ్బులు ఎటు పోతున్నాయో లెక్క చెప్పండి. ఇవి జరక్కుండా ఎన్ని జాబితాల్లో పేర్లు ఎక్కినా, ఎన్ని హాళ్ళు నిండినా, బతికి ఉన్నది కళ అని నేను ఒప్పుకోను.